పార్వతీపురం దొరగారి రెండో అబ్బాయి

మాది చోడవరం. మా ఊరంటే స్వయంభూ వినాయకుడి గుడి, గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వరసకట్టే చెరుకు ట్రాక్టర్లు, సీజన్లో ఊళ్ళోకి వచ్చే బెల్లం వాసన గుర్తొస్తాయి. మా వైపు ఊళ్ళకీ కంప్యూటర్ సైన్సుకీ ఏదైనా చుట్టరికం ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. పోయిన సెమిస్టర్లో మా మినీ ప్రాజెక్ట్ హ్యాంగ్ అవ్వకపోయి ఉంటే ఇప్పటికీ అనుకునేవాణ్ణి కాదు.

మాది చిన్న ప్రాజెక్టే. విద్యార్థుల మార్కులు ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటాయి. వాటిని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో రిపోర్టులుగా మార్చాలి. ఈ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1999లో వచ్చిన భాష. ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు తీసుకుని, మనం రాసిన నియమాల ప్రకారం ఇంకో రూపంలోకి మారుస్తుంది. తమాషా ఏమిటంటే ఆ నియమాలు రాసే ఫైలు, అంటే స్టైల్‌షీట్, అది కూడా ఎక్స్‌ఎంఎల్లే. కాబట్టి ఒక స్టైల్‌షీట్ చేత ఇంకో స్టైల్‌షీట్‌ని పుట్టించవచ్చు. ప్రతి బ్రాంచికీ రూల్స్ వేరు కాబట్టి మేం అదే చేశాం. మొదటి స్టైల్‌షీట్ రూల్స్ చదివి రెండోది రాసిపెడుతుంది. రెండోది మార్కుల మీద పనిచేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. మొదటి స్టైల్‌షీట్‌లో కనిపించే ఒక ఆదేశం ఇప్పుడు చెయ్యమని రాసిందా, లేక ఉన్నదున్నట్టు బయటికి రాయమని ఉంచిందా? చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే ఆ భాషలో నేమ్‌స్పేస్ ఏలియాస్ అనే ఏర్పాటు పెట్టారు. రాయాల్సిన వాటికి మారుపేరు పెడతాం, బయటికొచ్చాక అసలు పేరు వస్తుంది. ఒకే అక్షరాలు ఒకసారి డేటా, ఇంకోసారి ప్రోగ్రాం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

అంతవరకూ ఆపి ఉంటే బాగుండేది. 2017లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0లో ఎవాల్యుయేట్ అనే ఆదేశం ఉందని మాలో ఒకడు కనిపెట్టాడు. ఒక స్ట్రింగ్‌లో ఎక్స్‌పాత్ ఫార్ములా రాసిస్తే, ప్రోగ్రాం నడుస్తుండగానే దాన్ని కోడ్‌గా తీసుకుని లెక్క కట్టేస్తుంది. ఎక్స్‌క్వెరీ ప్రమాణంలో ఇలాంటిది లేకపోయినా బేస్‌ఎక్స్, ఎగ్జిస్ట్, మార్క్‌లాజిక్ లాంటివి తమ సొంత ఎవాల్ ఫంక్షన్లు ఇచ్చుకున్నాయి. ఇంకేముంది, యూజర్ ఏ ఫార్ములా టైపు చేస్తే అది నడిచేలా పెట్టేశాం.

మా దగ్గర గ్రేస్ మార్కులు ఒక్కొక్కటీ కలిపే ఫంక్షన్ ఒకటుంది. ఎన్ని కలపాలో చెప్తే ఒకటి కలిపి, లెక్క ఒకటి తగ్గించి, మళ్ళీ తననే పిలుచుకుంటుంది. సున్నా వస్తే ఆగుతుంది. పాస్ మార్కులోంచి వచ్చిన మార్కు తీసేసి దానికివ్వమని మా వాడు ఫార్ములా టైపు చేశాడు. ఫెయిలైన వాళ్ళందరికీ చక్కగా పనిచేసింది. ఆ తర్వాత పాసైన వాడొకడు తగిలాడు. వాడికి తీసివేత మైనస్‌లో వచ్చింది. మైనస్ నుంచి తగ్గించుకుంటూ పోతే సున్నా ఏ జన్మకి వస్తుంది? చివర్లో మాత్రమే తనను పిలుచుకునే రకం ఫంక్షన్ కాబట్టి స్టాక్ కూడా నిండలేదు. నల్లటి తెర, మెరిసే కర్సర్, అంతే.

అప్పటికి మాకు కారణం తెలీదు కదా. ఫైలు పెద్దది, నెమ్మదిగా చేస్తోందేమో అనుకుని ఒకడు టీకి వెళ్ళాడు. ఇరవై నిమిషాలైంది. ఆపేస్తే, ఇంకో నిమిషంలో అయిపోయేదేమో అని భయం. ఆపకపోతే, ఎప్పటికీ అవ్వదేమో అని భయం. ల్యాబ్ మూసే వేళకి మేడం వచ్చి చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. ఏ ప్రోగ్రాం ఇచ్చినా, అది ఆగుతుందో ఆగదో నడపకుండా ముందే చెప్పేసే ప్రోగ్రాం రాయగలరా అని. సెమిస్టర్ బ్రేక్‌లో రాసేస్తానని నేను ధైర్యంగా ఒప్పేసుకున్నాను. ఆవిడ నవ్వి, రాసే ముందు లైబ్రరీలో అలన్ ట్యూరింగ్ జీవితచరిత్ర ఒకసారి చదివి రమ్మన్నారు.

చదవడం మొదలుపెట్టిన కాసేపటికే కుర్చీలోంచి లేచి కూర్చున్నాను. అందులో పార్వతీపురం ఉంది.

మన జిల్లాల్లో తిరిగిన తండ్రి

ట్యూరింగ్ తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగ్ ఐసీఎస్ అధికారి. 1896లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు. పన్నులు, పారుదల, టీకాలు, కోర్టులు, అన్నీ చూసే ఉద్యోగం. తమిళంతో పాటు తెలుగూ నేర్చుకున్నాడు. తల్లి ఎథెల్ సారా స్టోనీ అయితే పుట్టిందే కోయంబత్తూరు దగ్గర పోదనూరులో. ఆవిడ తండ్రి మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు, తుంగభద్ర మీద వంతెన కట్టించినాయన.

పెళ్ళయి, 1908లో కూనూరులో పెద్ద కొడుకు జాన్ పుట్టాక, ఉద్యోగరీత్యా ఆ కుటుంబం తిరిగిన ఊళ్ళ పేర్లు చూడండి: పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు, చివరికి గంజాం జిల్లా ఛత్రపురం. ఏపీఎస్ఆర్టీసీ బస్ బోర్డులా లేదూ? అందులో మొదటి రెండూ పాత విశాఖపట్నం జిల్లాలోవే. మా చోడవరం కూడా 2022లో అనకాపల్లి జిల్లాలో కలిసేదాకా ఆ జిల్లాదే. రెండో అబ్బాయి ఇక్కడ ఛత్రపురంలో ఉండగా కడుపున పడ్డాడు. 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. అతనే అలన్.

ఇక్కడి ఎండలు, జ్వరాలు పసివాడికి పడవని తల్లిదండ్రులు పిల్లలిద్దర్నీ ఇంగ్లండులోనే ఒక రిటైర్డ్ కర్నల్ ఇంట్లో ఉంచి తిరిగొచ్చేశారు. అలన్‌కి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. అమ్మానాన్నా సెలవు మీద వచ్చినప్పుడే కనిపించేవాళ్ళు. ఆరో తరగతి నుంచీ హాస్టల్లో పెరిగిన నాకు ఈ భాగం చదువుతుంటే అతను దొరల పిల్లాడన్న సంగతి గుర్తు రాలేదు.

చదవడం మూడు వారాల్లో తనంతట తనే నేర్చుకున్నాడట. అక్షరాల కంటే అంకెలంటే ఇష్టం. వీధిలో ప్రతి దీపస్తంభం దగ్గరా ఆగి దాని నంబరు చూస్తేనే కదిలేవాడట. 1926లో షెర్బోర్న్ అనే పెద్ద స్కూల్లో చేరాల్సిన రోజున ఇంగ్లండులో సమ్మె, రైళ్ళు లేవు. పద్నాలుగేళ్ళు నిండని కుర్రాడు ఓడ దిగిన చోటు నుంచి సైకిలెక్కి, దారిలో ఒక రాత్రి ఆగి, అరవై మైళ్ళు తొక్కుకుంటూ స్కూలికి చేరాడు. ఆ స్కూల్లో మాత్రం అతని చేతిరాత, ఇంకు మరకలు, పద్ధతి లేకపోవడం మీద టీచర్లకి ఒకటే చిరాకు. లెక్కలు ఎవరూ చెప్పకుండానే చేసేస్తాడు, కానీ స్టెప్పులు రాయడు. మనలో ఇలాంటివాళ్ళు బెంచికొకడు ఉంటాడు.

అక్కడే క్రిస్టఫర్ మార్కమ్ అనే స్నేహితుడు దొరికాడు. నక్షత్రాలు, రసాయనాలు, లెక్కలు, అన్నీ ఇద్దరూ కలిసే. క్రిస్టఫర్ అంటే అలన్‌కి స్నేహం కన్నా ఎక్కువే. 1930 ఫిబ్రవరిలో క్షయతో ఆ కుర్రాడు చనిపోయాడు. ఇద్దరూ కలిసి కేంబ్రిడ్జి వెళ్దామనుకున్నారు, ఇతను ఒక్కడే వెళ్ళాల్సి వచ్చింది. మనిషి పోయాక మనసు ఏమవుతుంది, మనసుకీ శరీరమనే యంత్రానికీ సంబంధం ఏమిటి అన్న ప్రశ్న అతన్ని చాలా ఏళ్ళు వదల్లేదు. తర్వాతి కాలంలో యంత్రం ఆలోచించగలదా అని అడిగిన మనిషి ఆ ప్రశ్నని పుస్తకాల్లోంచి తెచ్చుకోలేదని నాకనిపిస్తుంది.

గానుగా, పిండిమరా, ఇంకో యంత్రమూ

1931లో కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ. 1935లో మాక్స్ న్యూమన్ అనే ప్రొఫెసర్ క్లాసులో ఒక పెద్ద ప్రశ్న విన్నాడు. గణితంలో ఏ వాక్యం ఇచ్చినా అది నిరూపించదగిందా కాదా అని యాంత్రికంగా తేల్చే పద్ధతి ఉందా? జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ లేవనెత్తిన ప్రశ్న ఇది. అందరూ సమాధానం వెతుకుతుంటే, ట్యూరింగ్ అసలు యాంత్రికంగా అంటే ఏమిటి అని మొదలుపెట్టాడు. పరుగుకి వెళ్ళి గ్రాంట్‌చెస్టర్ దగ్గర పచ్చికలో పడుకుని ఉండగా ఆలోచన తట్టిందట.

కాగితం మీద లెక్క చేసే మనిషిని ఊహించుకోండి. ఒక గడి చూస్తాడు, తను ఏ దశలో ఉన్నాడో గుర్తుంచుకుంటాడు, గడిలో ఏదో రాస్తాడు లేదా చెరుపుతాడు, పక్క గడికి వెళ్తాడు. అంతే కదా. ట్యూరింగ్ కాగితాన్ని పొడవాటి టేపు చేశాడు, మనిషి బదులు ఒక చిన్న పట్టిక పెట్టాడు. ఈ గుర్తు కనిపిస్తే ఇది చెయ్యి, ఆ గుర్తు కనిపిస్తే అది చెయ్యి. ఒక్కో పనికి ఒక్కో పట్టిక, ఒక్కో యంత్రం.

మా ఊళ్ళో గానుగ చెరుకే ఆడుతుంది. పిండిమర పిండే పడుతుంది. గానుగలో బియ్యం పోస్తే పిండి రాదు. అప్పటిదాకా ప్రపంచంలో యంత్రమంటే ఇంతే. ట్యూరింగ్ చేసింది ఏమిటంటే, ఆ పట్టికని కూడా గుర్తులుగా మార్చి టేపు మీదే రాసేశాడు. ఆ టేపుని చదివి, అందులో వర్ణించిన యంత్రం ఏం చేస్తుందో అచ్చం అదే చేసే ఇంకో యంత్రాన్ని నిర్మించాడు. దానికి గానుగ వర్ణన ఇస్తే గానుగ, పిండిమర వర్ణన ఇస్తే పిండిమర. యూనివర్సల్ మెషీన్ అంటే ఇదే. మన ఫోను కూడా ఇదే. యాప్ అంటే టేపు మీద రాసిన వర్ణన.

ఇప్పుడు మా ఎవాల్యుయేట్ ఆదేశాన్ని గుర్తు తెచ్చుకోండి. స్ట్రింగ్‌గా వచ్చింది కోడ్‌గా నడుస్తుంది. స్టైల్‌షీట్ రాసిన స్టైల్‌షీట్ కూడా అంతే. 2017లో కొత్తగా వచ్చిందని మేం సంబరపడ్డది 1936లో, ఒక్క కంప్యూటర్ కూడా లేని రోజుల్లో, ఇరవై నాలుగేళ్ళు నిండని కుర్రాడు కాగితం మీద చేసి పెట్టాడు. అన్నట్టు, ఆ కాగితం మీది యంత్రంలోనూ బగ్స్ ఉన్నాయి. తర్వాత అతనితో పనిచేసిన డొనాల్డ్ డేవీస్ అనే కుర్ర సహోద్యోగి వాటిని పట్టుకుని చూపించాడు. నాకైతే ఇది చదివాక ప్రాణం కుదుటపడింది.

ప్రోగ్రాం డేటా అయిపోయాక ఒక ప్రమాదం కూడా పుట్టింది. అదే వ్యాసంలో ట్యూరింగ్ దాన్నీ చూపించాడు. ఇవాళ మనం చదువుకునే రూపంలో చెప్తాను. మేడం అడిగిన ప్రోగ్రాం నేను నిజంగానే రాసేశాననుకుందాం. పేరు జోస్యుడు. ఏ ప్రోగ్రామైనా, దానికిచ్చే ఇన్‌పుట్టైనా ఇస్తే, ఆగుతుందో ఆగదో తప్పకుండా చెప్తాడు. ఇప్పుడు మా వాడు తిక్కన్న అనే ఇంకో ప్రోగ్రాం రాస్తాడు. తిక్కన్న ఒక ప్రోగ్రాం పాఠాన్ని తీసుకుని, దానికి దాని పాఠాన్నే ఇస్తే ఆగుతుందా అని జోస్యుణ్ణి అడుగుతాడు. ఆగుతుందంటే తను ఎప్పటికీ తిరుగుతూ ఉంటాడు. ఆగదంటే వెంటనే ఆగిపోతాడు. మరి తిక్కన్నకి తిక్కన్న పాఠాన్నే ఇస్తే? ఆగుతాడని జోస్యం చెప్తే ఆగడు. ఆగడని చెప్తే ఆగుతాడు. ఎలా చెప్పినా జోస్యం తప్పే. తిక్కన్నని రాయడం చాలా తేలిక కాబట్టి, అసాధ్యమైనది జోస్యుడే. అలాంటి ప్రోగ్రాం ఉండదు. కష్టం కాదు, అసలు ఉండదు.

అమెరికాలో అలాంజో చర్చ్ కూడా అదే ఏడాది వేరే దారిలో హిల్బర్ట్ ప్రశ్నకి కుదరదనే సమాధానం చెప్పాడు. ట్యూరింగ్ ప్రిన్స్‌టన్ వెళ్ళి ఆయన దగ్గరే 1938లో డాక్టరేట్ చేశాడు.

బ్రేక్‌లో రాస్తానన్న ప్రోగ్రాం సంగతి ఇలా తేలిపోయింది. ఎవాల్యుయేట్ ఆదేశాన్ని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రమాణం ఎందుకు ఐచ్ఛికంగా ఉంచిందో, అవసరమైతే దాన్ని మూసెయ్యడానికి ఎందుకు వీలిచ్చిందో కూడా అప్పుడర్థమైంది. బయటి నుంచి వచ్చిన స్ట్రింగ్ నడిస్తే ఏం చేస్తుందో ముందే పూర్తిగా తేల్చే సూత్రం ఎవరి దగ్గరా లేదు. అందుకే మన స్టైల్‌షీట్‌లోని వేరియబుల్స్ కూడా దానికి వాటంతటవి కనిపించవు, మనం చేతికిచ్చినవే కనిపిస్తాయి. తెలియని అతిథికి వీధి గది ఇచ్చి లోపలి తలుపు గడియ పెట్టుకున్నట్టు.

యుద్ధం, యంత్రాలు, పరుగు

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైన మర్నాడే ట్యూరింగ్ బ్లెచ్లీ పార్క్‌లో చేరాడు. జర్మన్లు సందేశాల్ని ఎనిగ్మా అనే యంత్రంతో గుప్తంగా పంపేవాళ్ళు. దాన్ని అమర్చే పద్ధతులు 159 పక్కన పద్దెనిమిది సున్నాలు పెడితే వచ్చేటన్ని. దాని గుట్టు మొదట విప్పింది పోలండ్ గణితవేత్తలు. వాళ్ళ పని మీద కట్టుకుంటూ ట్యూరింగ్ బాంబ్ అనే యంత్రం రూపొందించాడు. సందేశంలో ఫలానా మాట ఉండి ఉంటుందని ఒక ఊహ. ఆ ఊహ నిజమైతే ఈ అమరికలో విరోధం వస్తుందా? వస్తే ఆ అమరిక కొట్టెయ్. ఎనిగ్మా ఏ అక్షరాన్నీ అదే అక్షరంగా రాయదన్న చిన్న లోపం కూడా ఎంతో పనికొచ్చింది. విరోధం చూపించి ఒకటి కాదని తేల్చడం, 1936లో కాగితం మీద చేసిందే ఇక్కడ లోహంతో చేశాడు. అట్లాంటిక్‌లో ఓడల్ని ముంచుతున్న జలాంతర్గాముల సందేశాలు విప్పే హట్ 8కి నాయకత్వం అతనిదే.

మనిషి మాత్రం మారలేదు. గడ్డి పుప్పొడి పడక గ్యాస్ మాస్క్ పెట్టుకుని సైకిల్ తొక్కేవాడు. టీ కప్పు ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసుతో కట్టేసేవాడు. సైకిల్ చైను ఎన్ని తొక్కులకి ఊడుతుందో లెక్కపెట్టి, సరిగ్గా ఊడబోయే ముందు ఆగి సర్దేవాడని చెప్తారు. 1941లో సహోద్యోగి జోన్ క్లార్క్‌తో పెళ్ళి నిశ్చయమైంది. తను మగవాళ్ళని ఇష్టపడతానని ఆమెకి నిజం చెప్పి, కొన్ని నెలలకి తనే ఆ పెళ్ళి వద్దనుకున్నాడు. స్నేహం మాత్రం పోలేదు.

యుద్ధం తర్వాత నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఏస్ అనే కంప్యూటర్‌కి పూర్తి డిజైన్ రాశాడు. అంకెలున్న జ్ఞాపకంలోనే ఆదేశాలూ ఉంటాయి కాబట్టి యంత్రం తన ఆదేశాల్ని తనే లెక్కగట్టి మార్చుకోగలదు అన్నది ఆ డిజైన్‌కి ప్రాణం. అక్కడ పని నత్తనడక నడవడంతో విసిగి 1948లో మాంచెస్టర్ వెళ్ళిపోయాడు. ఈ మధ్యలో మారథాన్లు పరిగెత్తాడు. 1947లో అతని టైము 2 గంటల 46 నిమిషాలు. 1950లో యంత్రాల ఆలోచన మీద వ్యాసం రాశాడు, ఇవాళ ఏఐ గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ దాని పేరెత్తుతారు. 1951లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. మరుసటి ఏడు జంతువుల మీద మచ్చలూ చారలూ ఎలా ఏర్పడతాయో సమీకరణాలతో చూపించాడు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది ఎవరూ పెద్దగా చెప్పుకోని 1949 నాటి ఒక చిన్న వ్యాసం. పెద్ద ప్రోగ్రాంని సరిచూడడం ఎలా అన్నది విషయం. ఫ్యాక్టోరియల్ లెక్కించే ప్రోగ్రాం తీసుకుని, ఒక్కో చోట ఏది నిజమై ఉండాలో రాసుకుంటూ వెళ్ళాడు. చివర్లో అది ఆగుతుందని కూడా చూపించాడు. ఎలాగంటే, ప్రతి అడుగులోనూ తగ్గుతూ, ఎప్పటికీ తగ్గుతూనే ఉండలేని ఒక పరిమాణాన్ని పట్టుకుని. అన్ని ప్రోగ్రాంలకీ పనికొచ్చే జోస్యుడు లేడని నిరూపించినవాడే, నీ చేతిలో ఉన్న ఈ ఒక్క ప్రోగ్రాం సంగతి నువ్వు తేల్చుకోవచ్చని దారి చూపించాడు.

మా ఫంక్షన్‌ని ఆ పద్ధతిలో చూశాను. తగ్గే పరిమాణం ఉంది. కానీ కింద గట్టు లేదు, మైనస్‌లోకి జారిపోతుంది. సున్నా అయితే ఆగు అన్న చోట సున్నా లేదా అంతకన్నా తక్కువైతే ఆగు అని మార్చాను. అంతే, సెకనులో అయిపోయింది.

మనిషి మీద నడిపిన కోడ్

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. జీవితచరిత్ర ఆపలేదు.

1952 జనవరిలో ట్యూరింగ్ ఇంట్లో దొంగతనం జరిగింది. పోలీసులకి చెప్పాడు. విచారణలో తనకో యువకుడితో సంబంధం ఉందన్న సంగతి బయటపడింది. అతను దాచలేదు, అందులో తప్పేముందో అతనికి అర్థం కాలేదు. 1885 నాటి చట్టం ప్రకారం అది నేరం. దొంగతనం గురించి చెప్పుకోవడానికి వెళ్ళిన మనిషి ముద్దాయి అయ్యాడు. మార్చి 31న కోర్టు రెండు దారులు పెట్టింది, జైలు లేదా హార్మోన్ మందులు. మందులకి ఒప్పుకున్నాడు. ఏడాది పాటు ఆడ హార్మోన్ ఇచ్చారు. మారథాన్లు పరిగెత్తిన శరీరం మారిపోయింది. రహస్య పనులకి ఉన్న అనుమతి పోయింది. యుద్ధంలో అతనేం చేశాడో దేశానికి తెలీదు, తెలిసినవాళ్ళు చెప్పకూడదు.

1954 జూన్ 7న సైనైడ్‌తో చనిపోయాడు. 41 ఏళ్ళు. పక్కన సగం తిన్న యాపిల్ ఉంది. ఆత్మహత్య అని విచారణ తేల్చింది. ప్రయోగాలు చేస్తూ పొరపాటున జరిగిందని తల్లి చివరిదాకా నమ్మింది. తండ్రి అంతకు ఏడేళ్ళ ముందే పోయాడు. ఒకప్పుడు పార్వతీపురంలో కాపురం చేసిన ఆ తల్లి కొడుకు జీవితచరిత్ర తనే రాసి 1959లో వేయించింది. అందులోనూ యుద్ధం సంగతి, కేసు సంగతి పెద్దగా ఉండవు. మొదటిది ఆవిడకి తెలియనివ్వలేదు. రెండోది ఆవిడ చెప్పలేకపోయింది.

బ్రిటిష్ ప్రభుత్వం 2009లో క్షమాపణ చెప్పింది. 2013లో రాణి పేరున క్షమాభిక్ష వచ్చింది. 2017లో అదే చట్టం కింద శిక్షపడి చనిపోయిన వేలమందికి కూడా దాన్ని వర్తింపజేశారు. 2021లో 50 పౌండ్ల నోటు మీద అతని బొమ్మ వేశారు. మరి మన సంగతి? అలాంటి చట్టమే 1860లో ఇండియన్ పీనల్ కోడ్‌లో 377వ సెక్షన్‌గా మనకీ పెట్టారు. జూలియస్ లాంటి ఐసీఎస్ దొరలు పరీక్షకి చదువుకుని వచ్చిన చట్టాలవి. ఇంగ్లండు 1967లో తన చట్టాన్ని సడలించుకుంది. ఇక్కడ సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇష్టపూర్వక సంబంధాలు నేరం కాదని చెప్పేదాకా అది నడుస్తూనే ఉంది. రాసినవాళ్ళు పోయినా ఆగని ప్రోగ్రాం లాగ.

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెప్తాను. ఫస్ట్ ఇయర్లో మా హాస్టల్లో ఒక అబ్బాయి ఉండేవాడు. నడక, మాట తీరు చూసి అందరూ ఏదో పేరు పెట్టారు. మెస్‌లో ఆ పేరు వినపడగానే నవ్వులు. నేను పేరు పెట్టలేదు, కానీ నవ్వాను. రెండో సెమిస్టర్‌కి అతను హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడని మాలో ఎవరం అడగలేదు. లెక్కల్లో మా అందరికన్నా మెరుగు. ట్యూరింగ్ కథ చివరి పేజీలు చదువుతుంటే నాకు ఇంగ్లండు కోర్టు కనపడలేదు, మా మెస్ కనపడింది. ఎవరో రాసిన స్ట్రింగ్‌ని అర్థం చూసుకోకుండా నడిపేసిన యంత్రం నేనే.

పోయిన నెల అతని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. సారీ చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ప్రాజెక్ట్ ఏం చేస్తున్నావని అడిగాడు. గ్రేస్ మార్కుల కథ చెప్తే, మైనస్ వస్తుందని ముందే చూసుకోవద్దూ అని నవ్వాడు.

కంప్యూటర్ సైన్సులో అన్నిటికన్నా పెద్ద బహుమతి ట్యూరింగ్ అవార్డు. 1966 నుంచి ఇస్తున్నారు. 1994లో దాన్ని అందుకున్న ఇద్దరిలో ఒకరు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. అంటే తెలుగు ఊళ్ళల్లో ఉద్యోగం చేసిన దొరగారి అబ్బాయి పేరు తిరిగి తిరిగి ఒక తెలుగు ఊరికి చేరిందన్నమాట.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మా తాతయ్యకి ఈ కథంతా చెప్పాను. యూనివర్సల్ మెషీన్ ఆయనకి గానుగ పోలికతో వెంటనే అర్థమైంది. చివర్లో ఏం జరిగిందో చెప్పాక మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, అంత చదువుకున్న దేశంలో ఆ కుర్రాణ్ణి ఇంటికి పిలిచి ఇంత అన్నం పెట్టి మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేకపోయారా అని అడిగారు. నిజానికి ఉన్నారు, కొద్దిమంది స్నేహితులు చివరిదాకా నిలబడ్డారు. వాళ్ళ సంఖ్య సరిపోలేదు, అంతే.

మన కాలేజీలో ఆ సంఖ్య ఎంతో లెక్కపెట్టుకోవడం మన చేతిలో పని. దానికి జోస్యుడు అక్కర్లేదు.